చుట్టాల నీళ్లు

చెంగమ్మక్కకు, చెల్లెలు మునెమ్మ దండాలు పెట్టి రాసుకునేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? బావకు దగ్గు తగ్గిందా? ఫోనులో చెబితే నువ్వు స్పీకరు పెడతావు, వీధంతా వింటుంది. అందుకే రాస్తున్నాను.

తిరుపతిలో ఎండలు మండిపోతున్నాయి. లాడ్జిలో పని అలవాటైంది, తిండికి లోటు లేదు, దిగులుపడకు. యాత్రికులు గదులు ఖాళీ చేశాక దుప్పట్లు మార్చి, ఊడ్చి, వాళ్లు వదిలేసిన నీళ్ల సీసాలు ఏరతాను. సగం తాగినవి కొన్ని, గుక్కెడే తాగినవి కొన్ని. అన్నీ పారబోయాలి. మొదట్లో చేతులు రాలేదు. ఇప్పుడు వస్తున్నాయి, అదే నాకు ఏడుపు.

మన ఊరి ఫిల్టరు నీళ్ల గది ఇంకా తాళం వేసే ఉందా? రిబ్బను కత్తిరించిన నాడు పెద్దమనుషులు ఎంతమంది వచ్చారో! మిషను మొరాయించాక ఒక్కడూ తొంగిచూడలేదు. ఇప్పుడు సత్యవేడు నుంచి ఆటోలో వచ్చే క్యాను కొనగలిగితే మంచినీళ్లు, లేకుంటే బోరునీళ్లు. ఆ కొండ కింది ఊళ్లో పుట్టడమే మన తప్పు కాబోలు.

అసలు సంగతికి వస్తాను. మొన్న నేను వచ్చినప్పుడు, నీ దగ్గర వదిలిన నా కూతురు గౌరి, పరుగెత్తి క్యానులోంచి గ్లాసెడు నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాను మాత్రం మూలనున్న బిందెలో బోరునీళ్లు ముంచుకుంది. ఇదేమే అని అడిగాను.

"క్యాను నీళ్లు సుట్టాలకమ్మా. మేం తాగితే పెద్దమ్మ కోప్పడతాది" అని నవ్వింది. దాని ముందుపళ్ల మీద పసుపు గార అప్పుడే చూశాను.

ఇక్కడి ఆసుపత్రిలో అడిగాను. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంటే అంతేనట, పళ్లతో ఆగదట, ఎముకలు పట్టేస్తాయట. నీ మోకాళ్లూ అందుకేనేమో.

నీ మీద కోపంగానే ఉంది అక్కా, దాచను. ఇంటికొచ్చినవాళ్లకు బోరునీళ్లిస్తే పరువు పోతుందని అమ్మ నేర్పింది, నువ్వు పాటిస్తున్నావు. చుట్టాలు ఒక పూట తాగితే ఏమీ కాదు. గౌరి రోజూ తాగుతోంది. ఇకమీదట క్యాను మీ ముగ్గురికే. ఎవరైనా మొహం ముడుచుకుంటే, మా చెల్లెలు గయ్యాళి అని చెప్పు.

బావకు నా దండాలు. నన్ను దీవించండి. ఈసారి వచ్చినప్పుడు నాకు ఆ బిందెలో నీళ్లే ఇవ్వమని గౌరికి చెప్పు. నేను చుట్టాన్ని కాదు, దాని అమ్మను.

నీ చెల్లెలు,
మునెమ్మ