స్వీడన్ అమ్మకు నీ గొంతు

పైడమ్మా,

నువ్వు చదవలేవని తెలిసీ రాస్తున్నాను. ఈ సంతోషం నీకు చెప్పకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

మన సత్యవతి, చుట్టాలొస్తే నీ కొంగు వెనక దాక్కునే పిల్ల, ఇప్పుడు మన దీవుల్లోనే, రంగత్ ఊరి బడిలో టీచరమ్మ! నలుగురిలో దాని నోరు పెగలదేమోనని నువ్వు పోయేదాకా బెంగపడ్డావు కదా. నిన్న ఆ బడిలో స్వీడన్ పిల్లల పుస్తకం మీద తీసిన సినిమా వేస్తూ నన్నూ పిలిచింది. మాటలన్నీ ఆ దేశం భాషే. మనమ్మాయి ఆ పుస్తకాన్ని ముందే ఇంగ్లీషులో చదువుకుని, తెర పక్కన నిలబడి అందరి మాటలూ తనే తెలుగులో చెప్పింది. తాతకు బొంగురు గొంతు, ఆఖరికి మేకకు కూడా ఒక గొంతు!

సినిమాలో పిల్ల సముద్రంలో తడిసి ఇంటికొస్తే వాళ్లమ్మ కేకలేసింది. వెంటనే సత్యవతి, "ఒలే గుంటా, ఆ తడికాళ్లతో లోపలికొచ్చావంటే వలలో సుట్టి సంద్రంలో ఇసిరేత్తాను!" అంది. అచ్చం నువ్వే! పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఒక చిన్నది లేచి, "మిస్, స్వీడన్ మమ్మీకి ఇంత అచ్ఛా తెలుగు ఎవరు నేర్పినారు?" అని అడిగింది.

"మా అమ్మ. పేరు పైడమ్మ," అంది మనమ్మాయి, ఆఖరి బెంచీకి కూడా వినబడేలా.

నేను లేచి నిలబడి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టేశానే!