బుట్టలో వంకాయలు

అల్మాస్‌గూడ,
జూలై 14, 2025.

శ్రీకళకు,

హెడ్ మేడమ్‌వి అయ్యావు కాబట్టి 'గారు' తగిలించి రాయాలి. ఇన్నేళ్లు నీతో ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న చేయి అందుకు ఒప్పుకోవడం లేదు. నువ్వు కుశలమే అనుకుంటాను. నువ్వు ఉద్యోగం తీయించిన మనిషి ఎంత కుశలంగా ఉండగలదో, నేనూ అంత కుశలంగా ఉన్నాను.

పోయిన వారం మీ దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో పేరెంట్స్ మీటింగ్ జరిగిందట. అటెండర్ అంతయ్య ఎల్బీనగర్ బస్టాపులో కనిపించి చెప్పాడు. స్టేజీ మీద నా వెదురుబుట్ట పెట్టి, ఇద్దరు పిల్లల చేత సంస్కృతంలో కూరగాయల బేరం ఆడించావట. పేరెంట్స్ చప్పట్లు కొట్టారట. మర్నాడు బుట్ట స్టోర్‌రూముకు పోయింది, పిల్లలు డిక్టేషన్‌కు పోయారు.

ఆ బుట్ట మన క్లాసులోకి ఎట్లా వచ్చిందో గుర్తుందా? ఇంటర్ పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కులు సులువుగా పడతాయని. జవాబులు బట్టీ పడతారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. అది మనిద్దరికీ కడుపుమంటగా ఉండేది. మొదటి నెల పుస్తకమే తెరవొద్దన్నది నువ్వు. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి, తెలుగు మాట దొర్లితే బేరం చెడినట్టే అన్నదీ నువ్వే. సరూర్‌నగర్ నుంచి వంకాయలు, బెండకాయలు మోసింది నేను. వెనక బెంచీలో నిద్రపోయే సైదులు కూడా లేచి, ధర తగ్గించమని సంస్కృతంలో పోట్లాడాడు. ఆ రోజు స్టాఫ్‌రూములో నువ్వు సంతోషంతో ఏడ్చావు.

తర్వాత నీకు కుర్చీ వచ్చింది. క్లాసులో కూరగాయలేంటి, ఇంపార్టెంట్ ప్రశ్నలు రాయించండి అని నాకే మెమో ఇచ్చావు. నేను వినలేదు. జూన్‌లో టైంటేబుల్లో నా పేరు లేదు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. తీసేశావని కాదు నా కోపం. పనికిరాదని నాతోపాటు బయట పడేసిన పద్ధతినే అడ్మిషన్ల కోసం స్టేజీ ఎక్కించావు. అది మింగుడు పడటం లేదు.

ఇప్పుడు ఆదివారాలు మా డాబా మీద నలుగురు పిల్లలకు చెబుతున్నాను. కొత్త బుట్ట కొన్నాను, అమ్మేవాళ్లకో చాప, కొనేవాళ్లకో చాప పరుస్తాను. నిన్న ఒకమ్మాయి వంకాయలు అమ్ముతుంటే, పుచ్చులని నేను పేచీ పెట్టాను. కాయ కోసి చూపించి మరీ సంస్కృతంలో దబాయించింది. ఆ మాటలు నేను నేర్పినవి కావు, తనే కూర్చుకుంది. చాలా రోజులకు కడుపునిండా నవ్వాను.

నీ జవాబు కోసం ఎదురుచూడను.

ఒకప్పటి నీ
సూర్యప్రభ

తా.క.: ఆ వంకాయల అమ్మాయి మీ రమ్య. స్టేడియంలో బ్యాడ్మింటన్ అని నీకు చెప్పి మా ఇంటికి వస్తోంది. నేను వద్దన్నా వినలేదు. ఇది నీకు రాయమన్నదీ తనే. "నేను చెప్తే అమ్మ తిడ్తది ఆంటీ, మీరే రాయుండ్రి. గీ ఆట అమ్మ పెట్టిందే గదా, ఒక్కసారి ఆమెతోని ఆడాలని ఉంది" అంది. వచ్చే ఆదివారం కొనేవాళ్ల చాప నీ కోసం ఖాళీగా ఉంచమంది. నాకు ఇష్టం లేదు. అయినా ఉంచుతాను.