మీ బావ గొంతుకి కరెంటు

జూన్ 8, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

మెడలో టేపు తియ్యకుండానే, కత్తిరించాల్సిన గుడ్డలన్నీ ఒక పక్కకి నెట్టి, అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ బావా కులాసా. ఇంటి ఫ్యూజు కూడా కులాసా. నువ్వు ముందు అడిగేది దాని గురించేనని తెలుసు కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను.

నువ్వు చుట్టి పంపిన ట్రాన్స్‌ఫార్మర్ భద్రంగా చేరింది. ఎంత బరువురా నాయనా! పోస్ట్‌మాన్ గుమ్మంలో దించి, టైలరమ్మగారూ, ఇస్త్రీపెట్టెలు తెప్పించారా అని అడిగాడు. రాగితీగ అంత వరసగా చుట్టావంటే ముచ్చటేసింది. చిన్నప్పుడు నా బాబిన్లకి దారం చుట్టమంటే ఉండలు చేసి పారేసినవాడివి నువ్వేనా!

సంగతి నీకు తెలియంది కాదు. గొంతు ఆపరేషన్ అయ్యాక మీ బావ మాట మంచం దాటి రావడం లేదు. పదహారో తేదీ సోమవారం బడి తెరుస్తారు. వెనక బెంచీకి పాఠం వినపడితే సరే, లేదంటే ఆయన ఆఫీసు గదిలో రికార్డులు చూసుకోవాల్సిందేనని హెడ్మాస్టరుగారు తేల్చి చెప్పారు. పాఠం చెప్పని రోజున అన్నం సయించని మనిషిరా ఆయన. ఆ రికార్డుల మధ్య కూర్చోబెడితే ఏమైపోతాడు? బజార్లో మైకుపెట్టెలు దొరుకుతాయిగా అని అందరూ సలహా ఇచ్చారు. నేను వింటానా? నా ఇంట్లో రెడీమేడ్ చొక్కా తొడుక్కున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆయన గొంతు కొలతలు నాకు తెలుసు, నేనే చేస్తాను అన్నాను. మొండిఘటం అని నవ్వుకుంటావు, నవ్వుకో.

ఆంప్లిఫయరు బోర్డు ఎప్పుడో అయిపోయింది. మిగిలింది పవర్ సప్లై. దాన్ని నిన్న పొద్దున మొదటిసారి పరీక్ష చేశాను. నువ్వు రాసినట్టే ఆంప్లిఫయరుని దరిదాపులకి రానివ్వలేదు. పవర్ సప్లైని ఒక్కదాన్నే బల్ల మీద పెట్టాను. గాజులు తీసేశాను. మీటరు క్లిప్పులు ముందుగానే తగిలించాను. కెపాసిటర్లు పేలినా కళ్లలో పడకుండా ప్లాస్టిక్ టబ్బు బోర్లించాను. కరెంటు తీగకి మధ్యలో బల్బు కట్టాను. తప్పేదైనా ఉంటే ఆ బల్బు వెలిగి భారమంతా తను మోస్తుందనీ, అంతా సవ్యంగా ఉంటే ఒక్కసారి మెరిసి ఆరిపోతుందనీ రాశావుగా. మీ బావని మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టాను. ఏదైనా అయితే నన్ను గట్టిగా కేకెయ్యండి అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆయనకి అర్థమైపోయింది. వంటింట్లోకి వెళ్లి పళ్లెం, గరిటె తెచ్చుకున్నారు.

స్విచ్ వేశాను. బల్బు భగ్గుమంది. ఆరుతుందేమోనని చూశాను. ఎక్కడ ఆరుతుంది! నిండుగా వెలుగుతూనే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చటుక్కున ఆపేశాను. అప్పుడు మోగింది గరిటె. ఆపేశాక మోగిస్తే ఏం లాభమండీ అని కసిరాను, పాపం. నిజానికి నాకు ఏడుపొచ్చింది. బడికి పట్టుమని పది రోజులు కూడా లేవు.

ప్లగ్గు పీకేసి, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు రెసిస్టరుతో దింపి, మీటరు సున్నా చూపించాకే బోర్డు ముట్టుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని నీ బొమ్మా నా బోర్డూ పక్కపక్కన పెట్టి చూద్దును కదా, నీ బొమ్మలో, కరెంటుని ఒక్క వైపుకే పోనిచ్చే ఆ నాలుగు డయోడ్ల మీది తెల్ల గీతలూ ఒకే వైపు ఉన్నాయి. నా బోర్డు మీద రెండు అటు, రెండు ఇటు! ఏం చేశానో తెలుసా? సగం బొమ్మ గీసి, కాగితం మడిచి, రెండో సగం అచ్చు తీసుకున్నాను. చొక్కా వీపు అలాగే కదరా కత్తిరిస్తాం! చెయ్యి దాని అలవాటు ప్రకారం అది చేసేసింది. మీ బావకి చూపిస్తే, నయం, కాలరు కూడా పెట్టావు కాదు అన్నారు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

కుట్టు విప్పి మళ్లీ కుట్టడం నాకేమీ కొత్త కాదు. రెండు డయోడ్లూ ఊడదీసి సరిగ్గా అతికించాను. బల్బు అడ్డం ఉండబట్టి ఇంకేమీ కాలలేదు, లేకపోతే నీ రాగితీగంతా మాడి మసైపోయేది. టబ్బు బోర్లించి మళ్లీ స్విచ్ వేశాను. బల్బు తళుక్కుమని, మెల్లగా ఎర్రబడి, ఆరిపోయింది. దీపం ఆరిందని ఎగిరి గంతేసిన ఇల్లు లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది! మీటరు ముల్లు నువ్వు రాసిన అంకె మీద నిలబడి కదల్లేదు. తర్వాత బల్బు తీసేసి కూడా చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ కాస్త గోరువెచ్చగా అయింది, అంతే.

సాయంత్రం ఆంప్లిఫయరు కలిపి, మళ్లీ బల్బు పెట్టి చూసుకున్నాకే మైకు ఆయన చేతికిచ్చాను. ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ సవరించుకోవడమే సందు చివరిదాకా వినపడింది. తర్వాత, వెనక బెంచీలో ఏమిటా గుసగుసలు అని గద్దించారు. ఎదురింటి మేడ మీద కబుర్లాడుకుంటున్న ఇద్దరు టక్కున నోరు మూశారు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను తమ్ముడూ. ఆపరేషన్ తర్వాత ఆయన నా మీద కాకపోయినా ఎవరో ఒకరి మీద కేకలెయ్యడం అదే మొదలు.

ఇంకా సన్నగా గుయ్యిమని ఒక మోత ఉంది. దానికేం చెయ్యాలో రాయి. మా మరదలిని అడిగానని చెప్పు. రెండు చొక్కాలకి గుండీలు కుట్టాలి, అందుకని కవరు అంటించి పోస్టులో వేసే పని మీ బావకి అప్పగిస్తున్నాను.

ఇట్లు,
నీ మొండి అక్క

తా.క. బావమరిదీ, ఇది మీ బావ రాత. మీ అక్క గుండీల పనిలో ఉంది. మా హెడ్మాస్టరుగారు మరీ అంత కఠినుడేమీ కాదు. నెల కిందట ఆయనే నన్ను పిలిచి, బడి తరఫున కొన్న మైకుపెట్టె చూపించారు. మంచిదే, బాగానే పలుకుతోంది. ఆ మాట చెబుదామని ఇంటికొచ్చేసరికి మీ అక్క సోల్డరింగ్ పొగలో కూర్చుని, మొదటి అతుకు నిలిచిందని ఒక్కతే నవ్వుకుంటోంది. చెప్పడానికి నోరు రాలేదు. మొన్న శుక్రవారం ఆ పెట్టెని వేరే బడికి ఇచ్చెయ్యమన్నాను. మీ ఇంట్లోది పనిచెయ్యకపోతే ఎలాగండీ అని హెడ్మాస్టరుగారు అడిగారు. ఆఫీసు గదిలో కూర్చుంటాను అన్నాను. మర్నాడు ఆ బల్బు ఆరకుండా వెలిగినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. అయినా ఎందుకిచ్చేశానా అని మాత్రం అనిపించలేదు. నువ్వు ఈ సంగతి మీ అక్కకి రాయకు. నేనే చెప్పుకోవాలి. ఇప్పుడు గట్టిగానే చెప్పగలను.