ఇరవై కిలోమీటర్లు, ఇరవై ఎనిమిది నిమిషాలు

చెల్లె సుజాతకు, దుబాయ్ నుంచి అన్న శ్రీనివాస్ రాసేది.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అవ్వ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మరమగ్గాల సాంచాల దగ్గర ఎగిరే దూది దుమ్ముకు బాపుకు పట్టిన దగ్గు తగ్గిందా? నా గురించి ఎవరూ పరేషాన్ కావద్దు. వేళకు తింటున్నాను. పప్పుచారు కాయడం కూడా వచ్చింది, తిన్నవాళ్లెవరూ ఇంతవరకు ఆస్పత్రికి పోలేదు. ఎండలు ఇంకా ముదరలేదు. పని లేని పూట మాత్రం సిరిసిల్ల సాంచాల చప్పుడు లేక చెవులు బోసిగా ఉంటాయి.

సైకిల్ ట్రాక్ పక్క దుకాణంలో పనికి మారానని ఫోన్‌లో చెప్పాను కదా. కోటి విద్యలు కూటి కొరకే. సాంచా నడిపిన చేతులతో ఇప్పుడు సైకిళ్ల గొలుసులు తుడుస్తున్నాను, గాలి కొడుతున్నాను. శనివారం తెల్లవారుజామున ఇక్కడ టైమ్ ట్రయల్ పెడతారు. నిమిషానికి ఒకరిని వదులుతారు. ఎవరూ ఎవరి వెనుకా దాక్కోకూడదు, గాలిని ఎవరికి వారే చీల్చుకుంటూ పోవాలి. అక్కడ పేర్లు, టైములు రాసే పని నాకిచ్చారు.

ఆర్నెల్లుగా రాసీ రాసీ మనిషి తొక్కుడు చూస్తే వేగం చెప్పగలుగుతున్నాను. కొత్తగా దిగినవాళ్లు గంటకు పాతిక, ఇరవై ఎనిమిది. ఆఫీసు పని చేసుకుంటూ వారానికి నాలుగు రోజులు తొక్కేవాళ్లు ముప్పై రెండు, ముప్పై నాలుగు. క్లబ్బుల్లో గట్టి మగవాళ్లు నలభై తాకుతారు. ఆడవాళ్లలో ముప్పై ఆరు దాటితే అందరూ లేచి చప్పట్లు కొడతారు. వాళ్ల దేశం తరఫున ఆడే ఒకామె వచ్చి నలభై మూడుతో పోయింది. ఆమె సైకిల్ వేరు, టోపీ వేరు, వెనుక పదిహేనేళ్ల సాధన ఉంది. దిగిన తర్వాత రోడ్డు పక్కన కూర్చుని కక్కుకుంది.

వేగం పెరిగే కొద్దీ గాలి గోడలా అడ్డం వస్తుంది చెల్లె. ముప్పై రెండు నుంచి ముప్పై నాలుగుకు పోవడానికే ఇక్కడివాళ్లకు ఏడాది పడుతోంది.

నువ్వు దసరా అప్పుడు ఇరవై కిలోమీటర్లు ముప్పై ఎనిమిది నిమిషాల్లో తొక్కావు. అంటే ముప్పై ఒకటిన్నర. నాకు గర్వంగా అనిపించింది, గదిలో అందరికీ చెప్పుకున్నాను. పోయిన వారం నువ్వు పంపిన సైకిల్ యాప్ ఫొటోలో అదే ఇరవైకి ఇరవై ఎనిమిది నిమిషాలు. గంటకు నలభై మూడు. ముందు సంతోషంతో ఎగిరాను. తర్వాత ఒక్కో కిలోమీటరు లెక్క చూశాను. ఎత్తు మీద నలభై మూడు, దిగుడు మీద నలభై మూడు, ఎదురుగాలిలోనూ నలభై మూడు. మనిషి తొక్కితే ముల్లు పైకీ కిందికీ ఆడుతుంది. రెండు చోట్ల మాత్రం నలభై మూడు నుంచి ఒక్కసారి పన్నెండుకు పడిపోయింది.

నా గదిలో ఉండే గంగారాం అన్నకు చూపించాను. వేములవాడ మనిషి. ఇక్కడికి రాకముందు ఆరేళ్లు కరీంనగర్ క్వారీల నుంచి గ్రానైట్ లారీ తోలాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాడు.

"గిది కాళ్ల నడక కాదు శీనూ, లోడు బండి నడక. మీ దారిల పొద్దుగాల పోయేటియి గ్రానైట్ లారీలే. గీ రెండు చోట్ల డ్రైవరు బ్రేక్ కొట్టిండు. నీ చెల్లె లారీ ఎనుక ఎంత దగ్గర తొక్కుతున్నదో ఏమో."

"రాయిని గొలుసులతో కడతారు కదా అన్నా?" అని అడిగాను.

"యాడ కడ్తం? కింద కట్టె ముక్కలు అడ్డం పెడ్తం, గంతే. రాయి బరువే రాయిని పట్టుకుంటదని అనుకుంటం. మలుపుల జారిన రాళ్లను నేను రెండుసార్లు చూసిన. ఎనుక సైకిల్ ఉన్నదని అద్దంల కనపడదు."

వెంటనే నీకు ఫోన్ చేశాను. నువ్వు దాచలేదు కూడా. "లారీ ఎనుక తొక్కితె కాళ్లకు స్పీడ్ అలవాటైతదన్నా. సెలక్షన్ దాక గంతే. ఊకె ఫికర్ చేయకు" అన్నావు. పెద్ద పెద్దవాళ్లు మోటారు వెనుక సాధన చేసే మాట నిజమే. వాళ్లకు ముందు నడిపేది తెలిసిన మనిషి, దారి ఖాళీగా ఉంటుంది, నెత్తిన కట్టని బండరాయి ఉండదు. ఇదే చెప్పబోతే ఫోన్ పెట్టేశావు. ఆ తర్వాత ఎత్తడం లేదు. నిన్న మళ్లీ ఫొటో పంపావు, నలభై అయిదు అని.

ఆ సెలక్షన్ నీకెంత అవసరమో నాకు తెలుసు. నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్ సీటు, లేదంటే అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టాలి. నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆ విద్య నేర్పింది నేనే. బడికి పోయేటప్పుడు నిన్ను వెనుక కూర్చోబెట్టుకుని బస్సు వెనుక చొరబడి తొక్కుతూ, "చూస్తివా, గాలే లేదు" అన్నాను. నువ్వు నవ్వావు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు అన్నం దిగడం లేదు.

ముప్పై ఒకటిన్నర నీది. సెలక్షన్‌లో నీ ముందు లారీ ఉండదు, ఆ నలభై అయిదూ ఉండదు. నీదైన ముప్పై మూడు తెచ్చుకుంటే చాలు, ఓడినా వచ్చే ఏడు ఉంటుంది.

గంగారాం అన్న సెలవు మీద వస్తున్నాడు. అవ్వ కోసం నొప్పుల మందు, బాపుకు స్వెటర్ పంపుతున్నాను. ఆయన తిరిగి వచ్చేటప్పుడు చింతకాయ తొక్కు పంపించండి. అవ్వకు, బాపుకు నా దండాలు. వాళ్ల దీవెనలు మన ఇద్దరి మీదా ఉండాలి. పెద్దబాపుకు, చిన్నమ్మకు అడిగానని చెప్పు.

ఆయన సిరిసిల్లలో దిగేది మంగళవారం. ఈలోగా నువ్వు ఇంకా నాలుగు పొద్దులు ఆ దారిన పోతావు. వాటిని ఆపే ఉపాయం నాకు దొరకలేదు. పెద్దబాపు ఇంట్లో ఫోన్ లేదు. మన ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నీ చేతిలోనే ఉంటుంది, బాపుకు ఇవ్వమని మెసేజ్ పెడితే సాంచాల దగ్గర ఉన్నాడని రాస్తావు.

అందుకే ఈ కవరు అంటించలేదు. ముందు బాపు చేతికిచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమని గంగారాం అన్నకు చెప్పాను. నువ్వు ఇది చదివే వేళకు నీ సైకిల్‌కు తాళం పడి ఉంటుంది. అన్న మోసం చేశాడని తిట్టుకో, జన్మంతా మాట్లాడకు. బతికుండి తిట్టుకో.

నీ అన్న,
శ్రీను