ఏడో శాలువా

మంగళవారం, చల్లపల్లి

ఉత్తర ధ్రువం దగ్గర శాస్త్రవేత్తలతో కలిసి, హిమానీనదాలు ఎంత కరిగాయో కొలిచి వచ్చినందుకు ఇవాళ మా బడిలో సన్మానం చేశారు. ఇది ఏడో శాలువా. ఈ ఉక్కలో అది కప్పుకుని గంటసేపు కూర్చున్నాను.

"అక్కడ అన్నం దొరికిందాండీ?" అని హెడ్మాస్టరు గారు అడిగారు. ఎక్కడికెళ్లినా ఇదే ప్రశ్న. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

చివర్లో ఎనిమిదో తరగతి మేరీ లేచింది. వాళ్లది సముద్రం పక్క ఊరు.

"మేడం, అక్కడి మంచు కరిగితే మా బోరు నీళ్లు ఇంకా ఉప్పగా అయిపోతాయా?"

అవుతాయని తెలుసు. కానీ ఓపిక లేకో, ధైర్యం లేకో, "మంచి ప్రశ్న! అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాను.

కొట్టారు. మేరీ జవాబు కోసం అలాగే నిలబడి ఉంది.

రేపు నా మొదటి పీరియడు ఆ క్లాసుకే.