గుమ్మం బయట చెప్పుల జత

సువార్తా,

నువ్వు పోయి ఈ గురువారానికి రెండేళ్ళ మూడు నెలలు. బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు. నేను బాగానే ఉన్నాను. అంటే తింటున్నాను, పడుకుంటున్నాను, తార్నాకలో మన గది తాళం రోజూ తీస్తున్నాను.

మొన్న తీర్పు వచ్చింది. నిన్ను చంపినవాడికి, మన దగ్గర నేర్చుకున్న స్వరూప వాళ్ళన్న యాదగిరికి, యావజ్జీవం పడింది. ఆ సంగతి చెప్పడానికే రాస్తున్నానని అనుకుంటావేమో... కాదు. ఇంకొకటి ఉంది. రెండేళ్ళుగా కడుపులో దాచుకున్నది. అది చెప్పకుండా తీర్పు గురించి నీకు ఉత్తరం రాస్తే నా అంత సిగ్గులేనిది ఉండదు.

క్యాంపస్‌లో మన కంప్యూటర్ ల్యాబు గుర్తుందా? క్లాసు మొత్తానికి నలుగురమే ఆడపిల్లలం. మన టైం వచ్చినా మగపిల్లలు కుర్చీల్లోంచి లేచేవాళ్ళు కాదు. నంద్యాల నుంచి ఇంత దూరం వచ్చింది గోడకి ఆనుకుని నిలబడటానికా అని నేను లోపల్లోపల మండిపోయేదాన్ని. నువ్వు మండిపోలేదు. వెనక నుంచి కుర్చీ పట్టుకుని ఒక్క గుంజు గుంజావు. వాడు నేల మీద పడ్డాడు. "లే బిడ్డా, నా టైం అయింది" అని, లేవడానికి నువ్వే చెయ్యి కూడా ఇచ్చావు. జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చినదానివి, హాస్టల్లో గట్టిగా దగ్గడానికే మొహమాటపడేదానివి... అంత తెగువ ఎక్కడిదే నీకు?

ఆ ల్యాబులో మనకు నేర్పిన మొదటి పాఠం చెప్పుల గురించి. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయి, చెప్పులు బయట విప్పి రండి అని అటెండరు గొంతు చించుకునేవాడు. నువ్వు నవ్వేదానివి. నేను మాత్రం ఆ మాట బుర్రలో గట్టిగా ఎక్కించుకున్నాను. చదువయ్యాక ఇద్దరం కలిసి తార్నాకలో మేడ మీద గది తీసుకుని, ఆడపిల్లలకు మాత్రమే అని బోర్డు పెట్టి, మూడు మిషన్లతో మొదలుపెట్టామా... మొదటి రోజే తలుపు మీద కాగితం అంటించాను. చెప్పులు బయటే. "గిది గుడానే? రేపటి సంది పొర్లుదండాలు గూడ పెట్టిద్దమా?" అని నన్ను ఏడిపించావు.

పొద్దున్నంతా క్యాంపస్ నుంచి వచ్చిన థీసిస్‌లు టైపు చేయడం, తరవాత క్లాసులు. ఆ క్లాసులకే అంబర్‌పేట నుంచి బస్సెక్కి వచ్చేది స్వరూప. అందరికన్నా చురుకైనది. ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఉద్యోగానికి మనమే పంపితే, వెళ్ళిన రోజే రమ్మన్నారు.

ఆ ఉద్యోగం కాగితం ఇంటికి తీసుకెళ్ళి చూపించిన సాయంత్రమే యాదగిరి దాని ఎడమ చెయ్యి తలుపు సందులో పెట్టి, తలుపు మూశాడు. ఒకసారి కాదు. మూడు వేళ్ళు నలిగిపోయాయి. తన చెల్లెలు నలుగురు మగాళ్ళ మధ్య కూర్చుని టైపు ఎలా కొడుతుందో చూస్తానన్నాడట.

నేనైతే ఆ పిల్ల చేతికట్టు చూసి ఏడ్చాను. నువ్వు ఏడవలేదు. "ఏడ్సుడు బంద్ చెయ్. ఏడు వేళ్ళున్నయి కదా, ఏడు వేళ్ళతోనే నేర్చుకుంటవ్. కొట్టేది వేళ్ళు కాదు, తలకాయ" అన్నావు. క్యాంపస్ హాస్టల్లో తెలిసిన పిల్లల గదిలో దాన్ని ఉంచావు. రోజూ పక్కన కూర్చుని, ఏ అక్షరానికి ఏ వేలో కొత్తగా లెక్క కట్టి నేర్పించావు.

దానికి ఇంకో జాగ్రత్త కూడా చెప్పావు. "చెప్పులు సంచిల పెట్టుకో బిడ్డా, బయట ఇడువకు." ఎందుకంటే ఆ చెప్పుల్ని ఎవరైనా గుర్తుపట్టేస్తారు. ఎడమదాని పట్టీ తెగితే ఎర్ర తోలు ముక్క వేసి కుట్టించారు. కుట్టించింది ఎవరనుకున్నావు? ఆ యాదగిరే. వేళ్ళు నలగ్గొట్టడానికి వారం ముందు. చెల్లెలి చెప్పు కుట్టించడానికి మోచీ దగ్గర నిలబడ్డవాడు ఆ పని ఎలా చేశాడు? నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

ఇక నేను దాచిన మాట.

ఆ రోజు వాన. స్వరూప చెప్పులు కాగితంలో చుట్టి ముందు గదిలో బల్ల కింద పెట్టుకుంది. నేను చూసేసరికి కాగితం నాని, బురద నీళ్ళు మిషన్ తీగల దాకా పాకుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. నువ్వు, స్వరూప, తక్కిన పిల్లలు లోపలి గదిలో మసక అద్దం తలుపు వేసుకుని పాఠంలో ఉన్నారు. ఎవరినీ అడగలేదు. ఆ పొట్లం విప్పి, చెప్పులు తీసుకెళ్ళి గుమ్మం బయట వరసలో పెట్టాను. నా చేత్తో... తిన్నగా, జతగా సర్ది మరీ పెట్టాను సువార్తా.

మూడింటికి యాదగిరి వచ్చాడు. చేతిలో గోనె సంచి. స్వరూప ఇక్కడికి వస్తోందా అని అడిగాడు. తను రావడం మానేసి చాలా రోజులైందని నేను బొంకాను. బాగానే బొంకాను, నమ్మాడు. వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగాడు కూడా.

అక్కడ ఆగాడు. వంగి ఒక చెప్పు తీసి చూశాడు.

సంచిలో ఇనప రాడ్ ఉంది. మొదటి దెబ్బకు నా ముందున్న మానిటర్ పేలిపోయింది. రెండో దెబ్బకు అద్దం తలుపు ముక్కలైంది. నువ్వు ఆ గాజుముక్కల మీదే వట్టి కాళ్ళతో నడిచి వచ్చి అడ్డం నిలబడ్డావు. "నా క్లాసుల పిల్లను ముట్టుకుంటే చెయ్యి ఇరుగుతది నీది" అన్నావు. అదే నీ ఆఖరి మాట. వాడు నీ భుజం మీద కొట్టాడు, నువ్వు కదల్లేదు. తల మీద కొట్టాడు. ఆ చప్పుడు... వద్దులే, అది నా దగ్గరే ఉండనీ.

నేను ప్రింటర్ ఎత్తి వెనక నుంచి వాడి తల మీద వేశాను. వాడు పడ్డాడు. రాడ్ చేతిలోంచి జారిపోయింది. పడ్డాక కూడా మళ్ళీ ఎత్తి వేశాను. కింద రోడ్డు మీది ఆటోవాళ్ళు పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే మూడోసారి కూడా వేసేదాన్ని.

నువ్వు మూడో రోజున కళ్ళు తెరవకుండానే పోయావు. ఆసుపత్రి వరండాలో స్వరూప స్తంభానికి తల బాదుకుంది. హాస్టల్ నుంచి బయల్దేరినప్పటి నుంచి అన్న తన వెనకే వచ్చి ఉంటాడని, తను చూసుకోలేదని, అక్కను చంపింది తనేనని ఒకటే ఏడుపు. నేను దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కాదమ్మా అన్నాను. ఎందుకు కాదో మాత్రం చెప్పలేదు.

రేపు చెబుదాం అనుకున్నాను. రెండేళ్ళు గడిచిపోయాయి.

ఆ రెండేళ్ళూ ఆ పిల్ల తనను తాను ఎలా కాల్చుకు తిందో నేను దగ్గరుండి చూశాను. గదికి అందరికన్నా ముందు వచ్చేది. గాజుముక్కలు గుచ్చుకున్న నీ కాళ్ళు గుర్తొచ్చి ఎండాకాలం డాబా మీద వట్టి కాళ్ళతో నిలబడేది. చచ్చేంత పని చేసేది, అక్కా అక్కా అని నా చుట్టూ తిరిగేది. ఆ పిలుపు పోతుందన్న భయంతోనే నోరు కుట్టేసుకున్నాను. నేనెంత నీచురాలినో చూశావా?

విచారణ దగ్గర పడింది. ఆ రోజు క్లాసులో ఉన్న మిగతా పిల్లల్ని కోర్టు గుమ్మం తొక్కనివ్వం అన్నారు వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు. నేను వాణ్ణి కొట్టినందుకు నా మీదే కేసు ఉంది కాబట్టి, నా సాక్ష్యం ఒక్కటే నిలవదన్నాడు మన తరఫు లాయరు. మిగిలింది స్వరూప. అన్న మీద సాక్ష్యం చెప్పొద్దని వాళ్ళమ్మ రోజూ వచ్చి దాని కాళ్ళు పట్టుకునేది. ఒకరోజు క్యాంపస్‌లో హాస్టల్ దారిలో నడుస్తుండగా స్వరూప నాతో తేల్చి చెప్పేసింది. తను సాక్ష్యం చెప్పదట. దారి చూపించిన పాపం తనదైనప్పుడు అన్నను జైలుకు పంపే హక్కు తనకెక్కడిదట.

అప్పుడు చెప్పాను. రోడ్డు మీదే. వాన, బురద, పొట్లం, నా చెయ్యి... ఒక్కటీ దాచలేదు.

మొదట దానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కొట్టింది. ఎడమ చేత్తోనే, ఆ నలిగిన వేళ్ళతోనే. పెదవి పంటికి కోసుకుని నోరంతా రక్తం. మళ్ళీ కొట్టింది. పుస్తకాలు పట్టుకుని పోయే పిల్లలు ఆగి చూస్తున్నారు. కింద కూర్చుండిపోతే జుట్టు పట్టి లేపి కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. మంచిదాన్నని కాదు... ఇన్నాళ్ళకు ఎవరో నన్ను కొట్టారని ఒళ్ళు తేలికపడింది. ఇలాంటి మాట నీకు తప్ప ఎవరికి రాయను?

కోర్టు రోజు స్వరూప వస్తుందనుకోలేదు. వచ్చింది. నా వంక చూడలేదు. బోనులో నిలబడి అన్న మొహంలోకి చూస్తూ, కట్టులేని ఆ చెయ్యి పైకెత్తి చూపించి, తలుపు సందు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. గొంతు వణకలేదు. అచ్చం నువ్వే.

నన్ను వాళ్ళ లాయరు అడిగాడు, కింద పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టారా అని. కొట్టానన్నాను. ఎందుకన్నాడు. చావాలనే అన్నాను. మన తరఫు లాయరు నెత్తి పట్టుకున్నాడు. చెప్పుల సంగతి కూడా చెప్పేశాను. నా మీద కేసు ఇంకా నడుస్తోంది. నడవనీ.

స్వరూప నా దగ్గర మానేసింది. అంబర్‌పేటలో, వాళ్ళ ఇంటికి నాలుగు గుమ్మాల అవతల, రెండు మిషన్లతో సొంతంగా సెంటర్ పెట్టుకుంది. బోర్డు మీద నీ పేరే. నన్ను పిలవలేదు. నేను వెళ్ళలేదు. బస్సులోంచి చూశాను. మెట్ల మీద కూడా ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. చూసి ఎంత ఏడ్చానో, కండక్టరు టికెట్ అడగడం కూడా మానేశాడు.

నువ్వు బతికుంటే ఏమనేదానివో నాకు తెలుసు. "పోనీ తియ్యవే సీమ బిడ్డా, నీకు మాత్రం తెలుసా ఏంది" అని ఒక్క మాటలో వదిలేసేదానివి. అందుకే నిన్ను క్షమాపణ అడగడం లేదు. అంత సులువుగా వదలొద్దు. కొన్నాళ్ళు నా మీద కోపంగా ఉండు.

ఈ సోమవారం తార్నాకలో కొత్త బ్యాచి చేరింది. మొదటి రోజు వాళ్ళను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. ఎదురుగా కూర్చోబెట్టి నీ గురించి చెప్పాను. నిన్ను కొట్టి చంపినవాడి పేరు చెప్పాను. వాడికి స్వరూప ఉన్న చోటు చూపించిన మనిషి పేరు కూడా చెప్పాను. ఆ మనిషి ఎవరని ఒక పిల్ల అడిగితే, నేనేనన్నాను. మర్నాటి నుంచి ఇద్దరు రావడం మానేశారు. తక్కినవాళ్ళు వచ్చారు.

ఈ గది నడిచినన్నాళ్ళూ ప్రతి బ్యాచికీ ఇదే మొదటి పాఠం. ఎంతమంది లేచి వెళ్ళిపోయినా సరే, చెబుతాను. నీకు మాట ఇస్తున్నాను.

నీ
సరళ