బస్సు హారనుతో ఆగిపోయిన కల

మార్చి 20

నూర్ టాకీస్ మేనేజర్ పీర్ బాషా గారికి,

మీ థియేటర్‌లో ఇరవై ఆరేళ్లుగా మూడో వరుస ఫ్యాను కింద కూర్చుంటున్న రైతు కంబన్న నమస్కారాలు.

మీ కోడుమూరు ఎంత దూరమని ఈ ఉత్తరం, ఫోను చేయొచ్చు కదా అంటారేమో. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది నా భార్య నాగలక్ష్మమ్మతోపాటు బనగానపల్లెకు పోయింది. ఆమె పోవడానికి కారణం మీ సినిమా.

ఈ నెల ఎనిమిదిన సాయంత్రం ఆటకు మేమిద్దరం ‘నిద్రయానం’ చూశాం. అందులో హీరో భార్య ఏదో మిషన్‌లో పడుకొని కలలోకి పోతుంది, తిరిగి రాలేకపోతుంది. హీరో కూడా ఆ కలలోకి పోతే ఆమె అతణ్ని చూసి ‘ఎవరు మీరు?’ అంటుంది. అక్కడే నాగలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను పెళ్లినాటి సంగతులు ఒక్కొక్కటే చెప్తాడు, ఆమెకు ఒక్కటీ గుర్తు రాదు. నేనూ తువ్వాలు తీశాను. చివరికి తలుపు దగ్గర ఆమె చెయ్యి జారిపోతుంది, తలుపు మూసుకుంటుంది, అతనొక్కడే మేలుకుంటాడు. వెంటనే మీరు లైట్లు వేశారు. జనం ముక్కులు చీదుకుంటూ బస్సెక్కారు.

బస్సులో ఆమె అడిగింది. “నేనట్ల కలలో చిక్కుకుంటే నువ్వొస్తావా?”

నేను ఉన్నమాట చెప్పాను. “యాల రాను? కరెంటొచ్చే టైము చూసుకొని, శెనిక్కాయకు నీళ్లు కట్టి వస్తా.”

ఇందులో తప్పేముందో నాకిప్పటికీ తెలియదు. ఊరొచ్చేదాకా ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తెల్లారి వాళ్లక్క స్వర్ణలత ఇంటికి పోయింది. పదకొండు రోజులైంది. కాబట్టి అది ఉత్త సినిమా అనీ, ఆ హీరోకు చేనూ బోరూ లేవనీ ఒక కాగితం మీద రాసి, థియేటర్ ముద్ర వేసి పంపండి. ఆమెకు చూపించుకుంటాను.

ఇట్లు,
రోజూ సంగటి మాడ్చుకుంటున్న కంబన్న

తా.క.: ఆమె లేదని ఎద్దులు కూడా నా వంక అదోలా చూస్తున్నాయి.

* * *

మార్చి 24

పెద్దలు కంబన్న గారికి పీర్ బాషా ఆదాబులు.

మీ బాధ అర్థమైంది. ఆ సినిమాకు ఏడవనివాడు లేడు. మా ఆపరేటర్ నాగరాజ్ రోజుకు నాలుగు ఆటలకూ నాలుగుసార్లు ఏడుస్తున్నాడు.

ముద్ర మాత్రం అడగకండి. మా ముద్రలో ‘ఒకసారి ఇచ్చిన తర్వాత వాపసు తీసుకోబడదు’ అని ఉంటుంది. అమ్మగారు చదివితే ఇంకో గొడవ. దానికి బదులు రెండు బాల్కనీ టికెట్లు పంపుతున్నాను. రెండోసారి చూస్తే అంత బాధ ఉండదు.

మీ మేలు కోరే
పీర్ బాషా

తా.క.: మీరు కూర్చునే ఆ ఫ్యాను మొదటినుంచీ తిరగదు. ఇన్నేళ్లలో మీరు అడగలేదు, నేను చెప్పలేదు.

* * *

ఏప్రిల్ 1

పీర్ బాషాకు కంబన్న మొర.

నీ టికెట్లు నా కొంప ముంచాయి. మర్యాదగా ఉంటుందని రెండూ నాగలక్ష్మికే పంపాను. ఒకటి నాకోసం ఉంచుతుందని, కోడుమూరు బస్టాండులో కలుసుకుంటామని అనుకున్నాను. “రెండూ నాకే పంపినాడంటే, తాను రాడని గదా” అందట. అక్కను వెంటబెట్టుకొని మ్యాట్నీకి పోయింది.

ఆట చూసి ఇంటికి పోగానే స్వర్ణలత తన మొగుణ్ని అదే ప్రశ్న అడిగింది. మా తోడల్లుడు అయ్యన్న టీవీలో క్రికెట్ చూస్తూ, “ఈ ఓవరు అయిపోనీ” అన్నాడు. ఇప్పుడతను సంచీతో సహా మా ఇంట్లో ఉన్నాడు.

బాషా, నాకిది నవ్వులాట కాదు. ముప్పై ఏళ్ల కాపురం. ఆమె దగ్గే చప్పుడు లేకపోతే ఆ ఇంట్లో నాకు కన్ను మూతపడటం లేదు. నిద్రే రానివాడు కలలోకి పోయి పెళ్లాన్ని ఎట్లా పిలుచుకొస్తాడు?

దారి తోచని
కంబన్న

తా.క.: ఇంకో టికెట్ పంపావంటే ఇక్కడ ఇంకో మొగుడు దిగుతాడు. మంచాలు లేవు.

* * *

ఏప్రిల్ 4

కంబన్న గారికి తల వంచుకొని రాస్తున్నాను.

మీ ఉత్తరం మా ఇంటావిడ మాబున్నీసా చదివింది. నిజం రాయకపోతే నన్ను కూడా మీ ఇంటికే పంపుతానంది.

ఆ సినిమా అక్కడ అయిపోదు. ఇంకా పన్నెండు నిమిషాలుంది. మీ ఊళ్లవైపు పోయే ఆఖరి బస్సు ఎనిమిదింబావుకు. బస్సు హారను వినబడగానే సినిమా ఎక్కడుంటే అక్కడ ఆపి లైట్లు వేయడం మా నాయన పెట్టిన పద్ధతి. సాయంత్రం వాళ్లకు లేనిది మధ్యాహ్నం వాళ్లకెందుకని అన్ని ఆటలూ అక్కడే ఆపుతాం. ఆ పన్నెండు నిమిషాల్లో ఏం జరుగుతుందో నేను రాస్తే అమ్మగారు నమ్మరు. కళ్లారా చూడాల్సిందే.

క్షమించమని కోరుతూ
పీర్ బాషా

తా.క.: ఈ సంగతి బస్సులో ఎవరికీ చెప్పకండి. నలభై ఊళ్లవాళ్లు ఏడ్చిన ఏడుపులన్నీ నా మీదికొస్తాయి.

* * *

ఏప్రిల్ 7

నమ్మించి లైట్లు వేసిన బాషాకు,

అయితే నీ పాత సినిమాల్లో కొండ అంచున వేలాడుతూ మిగిలిపోయిన ఆ పోలీసు బతికే ఉన్నాడా? రైలు పట్టాల మీద నిలబడ్డ ఆ గుడ్డి చెల్లెలు? ఆమెకోసం నేను మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇరవై ఆరేళ్లుగా ఏ కథా బాగుపడదని అనుకుంటూ బతికాను కదయ్యా.

ఈ ఆదివారం ఉదయం పది గంటలకు మా నలుగురికీ మొత్తం సినిమా వెయ్యి. బస్సు గోల నీకొద్దు, ట్రాక్టరులో వస్తాం. నాగలక్ష్మికి నువ్వే కబురు పెట్టు. నేను రమ్మంటే వస్తుందో రాదో, రాకపోతే తట్టుకోలేను.

ఆదివారం కోసం చూసే
కంబన్న

తా.క.: ఆ పోలీసు సంగతి మాత్రం ముందే రాయి.

* * *

ఏప్రిల్ 16

తమ్ముడు పీర్ బాషాకు నాగలక్ష్మమ్మ దీవెనలు.

ఆదివారం నీకు చెప్పకుండానే ట్రాక్టరెక్కాం, ఏమనుకోవద్దు. నేను ఇల్లు చేరాను. అయ్యన్నను కూడా అక్క తీసుకుపోయింది. అతను చేసిన పప్పు రుచి చూసి జాలిపడింది.

నీ పన్నెండు నిమిషాల గుట్టు నాకు ముందే తెలుసు. ఫోను నా దగ్గరే ఉంది కదా. మ్యాట్నీ చూసిన మర్నాడే అక్కా నేనూ మామిడితోటలో కూర్చొని సినిమా మొత్తం ఫోనులో చూశాం. హీరో మళ్లీ కలలోకి పోయి, ఆమెకు గుర్తు రాకపోయినా పక్కనే కూర్చొని, చివరికి లేపుకొని వస్తాడు. అన్నీ తెలిసి ఎందుకు రాలేదంటావా? మీ అన్న కూడా వచ్చి పిలుస్తాడేమోనని చూశాను. ఆయన నాకు ఒక్క ముక్క రాయలేదు, నీకు మూడు ఉత్తరాలు రాశాడు. కబురుతోపాటు నువ్వు పంపిన ఆ ఉత్తరాలు నా పెట్టెలోనే ఉన్నాయి, తిరిగి ఇవ్వను. నా దగ్గు లేక నిద్ర పట్టలేదని ముప్పై ఏళ్లలో ఆయన నాతో ఏనాడూ అనలేదు.

తీరా ఆదివారం ఆయన ఆ పన్నెండు నిమిషాలు చూడనేలేదు. తలుపు మూసుకున్నాక కూడా నువ్వు లైట్లు వేయకపోయేసరికి, ఇక భయం లేదనుకున్నాడో ఏమో, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. లేపబోతే, కళ్లు మూసుకునే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“లెయ్ నాగీ, ఈడ యాల ఉండావు? ఇంటికి పోదాం పా” అన్నాడు.

నేను మళ్లీ తెర వంక చూడలేదు తమ్ముడూ. కడుపునిండా ఏడ్చాను.

చల్లగా ఉండమని కోరే
అక్క నాగలక్ష్మమ్మ

తా.క.: ఆ పోలీసు బతికాడని ఒక కార్డు రాసెయ్యి. రోజూ అడుగుతున్నాడు.

ఇంకో తా.క.: అదే నిద్రలో, చెయ్యి విడవకుండా, “బిరీన రా, కరెంటొచ్చే టైమాయ” అని కూడా అన్నాడు. ఆయన్ను లేపలేదు. “వస్తాండా” అన్నాను.